రాళ్ళ మలుపు దగ్గర ముక్కు లారీ

సూరన్న ప్రతి సోమవారం పొద్దున్నే లారీ ఎక్కి చింతపల్లికి బయలుదేరతాడు. లారీ మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదలదు.

నర్సీపట్నం దాటాక చింతపల్లి రోడ్డు పక్కన ఒక జీడితోట ఉంది. ఆ తోట అంచున ఉన్న రెండు గదుల రేకుల ఇల్లు సూరన్నది. ఇంటి వెనక, జీడికొమ్మల నీడలో, ఆ లారీ. ఇప్పటి లారీల మొహాలు గోడలా చదునుగా ఉంటాయి. దీని ఇంజను మాత్రం ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ముక్కు మీద రెండు రెక్కల బోనెట్టు, అటూ ఇటూ గుండ్రటి లైట్లు, కిటికీ పక్కన రబ్బరు బుడ్డి నొక్కితే మోగే ఇత్తడి బూర. ముక్కు లారీ అని ఎవరు పేరు పెట్టారో తెలియదు గానీ, ఒకప్పుడు కొండ కింద ఊళ్ళలోనూ కొండమీద గూడేల్లోనూ ఆ పేరు చెబితే చాలు, ఏ బండో, దాన్ని ఎవరు నడుపుతారో అందరికీ తెలిసేది.

ఎక్కేముందు సూరన్న చెప్పులు విప్పి కింద పెడతాడు. తడిగుడ్డతో అద్దం తుడిచి, బోనెట్టు మీద రాలిన జీడాకులు ఏరేస్తాడు. బ్యాటరీ బాగున్న వారం సెల్ఫ్ కొడితే ఇంజను దగ్గి, నల్లటి పొగ ఒకటి ఉమ్మి, ఆ తర్వాత మెల్లగా గొంతు సవరించుకుంటుంది. బ్యాటరీ బాగాలేని వారం ఆ చప్పుడు సూరన్న లోపలే మోగుతుంది. రెండింటికీ తేడా అతనికి పెద్దగా తెలియదు. కళ్ళు మూస్తాడు. క్లచ్ తొక్కి, గేరు వేసి, ఊరు దాటతాడు. చెరుకు తోటలు వెనక్కి వెళ్తాయి. గాలి చల్లబడుతుంది. అద్దం మీద వాలిన జీడికొమ్మ నీడ కొంచెం కొంచెంగా తెల్లబడి, మంచై, చివరికి రోడ్డంతా కమ్మేస్తుంది. ఆ మంచులోంచి ఒక్కో మలుపూ తనంతట తానే తోసుకుని ఎదురొస్తుంది, పాత చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు.

ఆ సమయానికి అతని భార్య సత్యవేణి టీ గ్లాసుతో వచ్చి తలుపు మీద వేళ్ళతో కొడుతుంది.

"ఎక్కడి దాకా ఎల్లినావేటి?"

"డౌనూరు దాటేసినాను."

"అయితే తాగేసి ఎక్కు. కొండమీద మరి టీ దొరకదు."

ఆమె నవ్వదు. అతనూ నవ్వడు. ఇన్నేళ్ళుగా ఆ మాటలు అలాగే సాగుతున్నాయి. అటుగా పోయే వాళ్ళు చూసి, ముసలాడికి మతి తప్పిందనీ, ఆవిడకి అంతకు ముందే తప్పిందనీ అనుకుంటారు. మతి ఏమీ తప్పలేదు. కళ్ళు తెరిస్తే జీడితోట, మూస్తే ఘాట్ రోడ్డు అన్న సంగతి సూరన్నకి బాగా తెలుసు. ఏది కావాలో తేల్చుకునే వీలు చాలామందికి ఉండదు. వాళ్ళకి రెండు కళ్ళూ తెరిచినా మూసినా అదే అప్పు, అదే కొట్టు, అదే బస్టాండు. సూరన్నకి ఆ వీలు ఉంది, అంతే.

అతని పుట్టిన ఊరు నాతవరం దగ్గర. తండ్రి కాలవ కింద వరి కోతలకి వెళ్ళేవాడు. సూరన్నకి వంగి చేసే పని పడలేదు. పద్దెనిమిది దాటగానే నర్సీపట్నం వచ్చి చిట్టిరాజుగారి కలప డిపోలో దుంగలు ఎత్తే కూలీగా చేరాడు. ముక్కు లారీ అప్పటికే పాతది. కొన్నాళ్ళు దుంగల మీద కూర్చుని దాని చప్పుడు విన్నాడు, కొన్నాళ్ళు పక్క సీట్లో కూర్చుని విన్నాడు. డ్రైవరు ముసలాయనకి చూపు తగ్గి ఇంటికి పోయిన రోజున చిట్టిరాజుగారు తాళం సూరన్న చేతిలో పెట్టారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఆ తాళం మరో చేతిలోకి పోలేదు.

అప్పట్లో కొండమీదికి ఏది ఎక్కాలన్నా ఆ లారీలోనే ఎక్కింది. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు పీపాలు, సీలేరు డ్యాము పనులకి సిమెంటు, బడికి బెంచీలు, ఎన్నికలకి పెట్టెలు. దిగేటప్పుడు వెదురు, చింతపండు, పసుపు, అడ్డాకుల కట్టలు, మిరియాలు. వీటి మీద మనుషులు. పురిటి నొప్పులతో ఒకామె దిగి, మూడో నాడు చంటిబిడ్డతో అదే లారీలో ఎక్కింది. పెళ్ళికూతుళ్ళు ఎక్కారు. శవాలు దిగాయి, ఎక్కాయి. కొండమీద గూడేల చరిత్ర ఎవరూ రాయలేదు. రాసుంటే అందులో సగం ఆ లారీ తొట్టిలోనే జరిగి ఉండేది. రాసేవాళ్ళు మాత్రం కారులో వెళ్ళి ఉండేవాళ్ళు.

తన బండి మీదే కాదు, పాత లారీలన్నిటి మీదా అతనికి అదే ప్రేమ. చుట్టుపక్కల ఏ పాత బండి ఎక్కడ ఉందో, ఎప్పుడు ఆగిపోయిందో, దాని మీద ఏ సరుకు తిరిగేదో చెబుతాడు. ఒకటి పాయకరావుపేటలో నీళ్ళ ట్యాంకరుగా బతుకుతోందని తెలిసి, బస్సెక్కి వెళ్ళి, దాని బోనెట్టు మీద చేయి వేసి, పూటంతా అక్కడే కూర్చుని వచ్చాడు. రావికమతంలో ఒక దాని తొట్టిని కోళ్ళగూడు చేశారు. అది చూసి వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినలేదు. సత్యవేణి అడిగితే, కోళ్ళు బాగానే ఉన్నాయి అని మాత్రం అన్నాడు.

టీ కొట్ల దగ్గర ఎవరైనా కాస్త చెవి ఇస్తే చాలు, ఘాట్ గురించి మొదలుపెట్టేవాడు. ఏ మలుపులో ఏ గేరు, ఏ కల్వర్టు దగ్గర రేడియేటరుకి నీళ్ళు పోయాలి, వానలో చక్రం జారితే ఎటు తిప్పాలి. అతని మాటల్లో లారీ తనంతట తాను కొండెక్కేది. నిజానికి ఆ లారీ ఏనాడూ ఒంటరిగా కొండెక్కలేదు. సూరన్న అబద్ధం చెప్పేవాడు కాదు. ఊపిరి పీల్చడం గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు కదా, అలాగే అతను ఆ సంగతి చెప్పేవాడు కాదు.

సంగతి ఇది. డౌనూరు దాటి ఎక్కుతుంటే సగం దూరంలో ఒక మలుపు వస్తుంది. అక్కడ రోడ్డు నిచ్చెన వేసినట్టు పైకి లేస్తుంది. బరువుతో ఉన్న ముక్కు లారీ దాన్ని ఒక్క ఊపున ఎక్కలేదు. ఆగి, దమ్ము తీసుకుని, మళ్ళీ ఎక్కాలి. ఆగినప్పుడు వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్ళు వేయాలి. అందుకని మలుపు మొదట్లో ఒక రాళ్ళ కుప్ప ఉండేది. సంతకి వచ్చి తిరిగి పోయే గూడెం మనుషుల దగ్గర సూరన్న టిక్కెట్టు తీసుకునేవాడు కాదు. వాళ్ళ టిక్కెట్టు ఆ రాయే. మలుపు రాగానే అతను బూర రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా నొక్కేవాడు. తొట్టిలో ఉన్న ఆడా మగా కిందికి దూకి, తలా ఒక రాయి ఎత్తుకుని, చక్రాల వెనకే నడిచేవారు. లారీ ఆగిన చోటల్లా రాళ్ళు పడేవి. కదలగానే లేచేవి. నిటారు దాటాక కల్వర్టు దగ్గర వాటిని కుప్పపోసి మళ్ళీ లారీ ఎక్కేవారు. ఎక్కే బండి పైన వదిలిన రాళ్ళని దిగే బండి తెచ్చి కింద పెట్టాలి. ఏ డిపో బండి అయినా, డ్రైవర్ల మధ్య ఎంత పగ ఉన్నా, అది మాత్రం తప్పేది కాదు. రాళ్ళు మనుషుల చేతుల్లో నలిగి నలిగి నున్నగా, గుండ్రంగా అయ్యాయి. రోడ్డు మ్యాపుల్లో ఆ మలుపుకి పేరు లేదు. డ్రైవర్లకి అది రాళ్ళ మలుపు.

ఆ రాళ్ళ మనుషులకి పెద్ద సింగన్న. మలుపు పైన గూడెంలో ఉండేవాడు. వెనక చక్రం పక్కన నడుస్తూ, ఇంజను చప్పుడు విని, లారీ ఎక్కడ ఆగబోతోందో సూరన్న కంటే ముందే పసిగట్టేవాడు. సూరన్న అద్దంలో చూస్తే మంచులో ఒక తల, ఒక భుజం, భుజం మీద రాయి కనిపించేవి. ముప్ఫై ఏళ్ళలో సింగన్న మొహం కంటే అద్దంలో ఆ భుజమే అతను ఎక్కువగా చూశాడు.

చిట్టిరాజుగారు డిపో మూసేశాక లారీని కొనే వాళ్ళు లేకపోయారు. నీ మాట తప్ప ఇంకొకరి మాట వినదు, తోలుకుపో అన్నారు. సూరన్న తోలుకొచ్చి జీడికొమ్మల కింద పెట్టాడు. రోడ్డు వెడల్పయింది, కొత్త బళ్ళొచ్చాయి, గూడెం మనుషులు జీపులూ ఆటోలూ ఎక్కారు. సింగన్న కనబడక ఎన్నేళ్ళయిందో లెక్క లేదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు. అడిగితే లేడని చెబుతారేమోనని సూరన్న ఎవరినీ అడగలేదు.

మొన్న వేసవి తర్వాత జీడితోట అమ్ముడుపోయింది. నర్సీపట్నం చుట్టూ జీడితోటలన్నీ ఒకటొకటిగా లేఅవుట్లు అవుతున్నాయి. మొదట రంగు జెండాలు, తర్వాత తెల్ల రాళ్ళు, ఆ తర్వాత ఏదో ఒక దేవుడి పేరుతో కమాను. ఇక్కడా వచ్చాయి. సూరన్న ఇల్లు అతనిదే గానీ లారీ నిలబడ్డ చోటు తోటవాళ్ళది. పొక్లెయిన్ వచ్చే లోపు తీసెయ్యాలన్నారు. తీసెయ్యకపోతే పాత ఇనుము వాళ్ళకి కబురు చేస్తామన్నారు. చెప్పిన మనిషి మర్యాదగానే చెప్పాడు. ఈ రోజుల్లో చెడ్డ వార్తలన్నీ మర్యాదగానే చెబుతున్నారు.

అప్పుడొచ్చాడు రాజుబాబు. ఘాట్ పైన లంబసింగిలో టెంట్లు వేసి, చలికాలం మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చే కుర్రాడు. ఎవరి ఫోనులోనో లారీ ఫొటో చూశాడట. తెల్ల బూట్లతో జీడాకుల మీద నడుస్తూ దాని చుట్టూ తిరిగాడు. టెంట్ల ముందు నిలబెట్టి, రంగు వేసి, బల్బుల దండలు కట్టి, తొట్టిలో టీ కౌంటరు పెడతానన్నాడు. జనం ఫొటోలు దిగుతారట. క్రేను తెచ్చి, ట్రైలరు మీదికి ఎత్తి తీసుకుపోతానన్నాడు.

సూరన్నకి టీ కౌంటరు మాట బాధనిపించలేదు. కోళ్ళగూడు కంటే నయమే. ట్రైలరు మాట మాత్రం గొంతులో ముల్లులా దిగింది.

"బాబూ, ఆ కొండ ఎన్ని వేలసార్లు ఎక్కినాదో నాకే తెలీదు. ఇంకో బండి ఈపెక్కి ఎల్లదది. దాని చక్రాల మీద అదే ఎల్తాది. నాను తోల్తాను."

రాజుబాబు నవ్వాడు. తర్వాత నవ్వకుండా ఆలోచించాడు. నిజంగా నడిచి వస్తే వీడియో బాగుంటుందని అతనికి తోచింది.

"సరే తాతగారు, మీ ఇష్టమే. కానీ ఘాట్లో ఆగిపోయిందనుకోండి, ట్రాఫిక్ జామైతే నాకు మాటొస్తాది. క్రేను నిలబెట్టడానికి ఆ మలుపుల్లో చోటుండదు. అక్కడికక్కడే గ్యాస్ కట్టరు పెట్టించి ముక్కు వరకు కోయించి తీసుకెల్తాను. ఫొటోకి ముక్కు చాలు. మిగతాది ఇనుముకి. ఒప్పుకుంటారా?"

సూరన్న ఒప్పుకున్నాడు. ఆ రాత్రి సత్యవేణి అతనితో మాట్లాడలేదు. తెల్లవారి మాత్రం, డీజిల్ ట్యాంకు కడగడానికి పాత చీర చింపి ఇచ్చింది.

నెల రోజులు లారీ కిందే పడుకున్నాడు. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి తీశాడు. అద్దె బ్యాటరీ తెచ్చాడు. పాతవే అయినా గాలి నిలిచే టైర్లు సంపాదించాడు. తుప్పు తిన్న కమాను కట్టలకి గ్రీజు పూశాడు. బ్రేకు మాత్రం పూర్తిగా లొంగలేదు. తొక్కితే పట్టేది, తొక్కి ఉంచితే పాదం కింద మెల్లగా దిగిపోయేది, నిద్రలోకి జారిన మనిషి తల వాలినట్టు. ఆ సైజు రబ్బరు వాషరు ఇప్పుడు ఎక్కడా దొరకలేదు. ఆగకుండా పోతే బ్రేకుతో పనేముంది అనుకున్నాడు. చక్రం కింద పెట్టడానికి దిమ్మ ఒకటి వేసుకోమని సత్యవేణి గుర్తు చేస్తే, దానికి దిమ్మెందుకు, అక్కడ రాళ్ళుంటాయి కదా అన్నాడు. అంత సహజంగా అన్నాడు కాబట్టి ఆమెకీ అది నిజమే అనిపించింది.

బుధవారం తెల్లవారాక బయలుదేరారు. అంటే లారీలో సూరన్న ఒక్కడూ, వెనక కారులో రాజుబాబు, కారు పైకప్పులోంచి ఫోను పట్టుకుని అతని స్నేహితుడు. సత్యవేణి రోడ్డు దాకా వచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పక్కకి తప్పుకుంది.

లారీ కదిలింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు సూరన్నకి వినపడలేదు గానీ అరికాలికి తెలిసింది. ఊరు వెనకబడింది. చెరుకు తోటలు వెనక్కి వెళ్ళాయి, సోమవారాల్లో వెళ్ళినట్టే. గాలి చల్లబడింది, సోమవారాల్లో చల్లబడినట్టే. ఒకచోట కళ్ళు మూసుకున్నానేమోనని అతనికి అనుమానం వచ్చి, గట్టిగా తెరిచి చూశాడు. తెరిచే ఉన్నాయి. తేడా ఒక్కటే. వెనక నుంచి కార్లు హారన్లు కొడుతున్నాయి. అతని కలలో కార్లు ఎప్పుడూ లేవు.

డౌనూరు దాటారు. ఘాట్ మొదలైంది. మంచు చెట్ల మధ్యనుంచి పాకి రోడ్డు మీదికి వచ్చింది. లారీ ఖాళీగా ఉంది, రోడ్డు ఇప్పుడు నున్నగా ఉంది. రెండో గేరులో ఇంజను తడబడకుండా లాగుతోంది. ఒక మలుపు, ఇంకో మలుపు. సూరన్నకి వయసు గుర్తు రాలేదు, ఫొటోలు గుర్తు రాలేదు, గ్యాస్ కట్టరు గుర్తు రాలేదు. పక్క సీటు నిండా సంత వాసన, వెనక తొట్టిలో మనుషుల మాటలు. ఎవరో ఆడమనిషి కోడిని తిడుతోంది. ఎవరో చుట్ట వెలిగించారు. ఇదే వేగంతో పోతే పావుగంటలో లంబసింగి. ఆగక్కర్లేదు. ఎక్కడా ఆగక్కర్లేదు.

అతని చేయి కిటికీలోంచి బయటికి వెళ్ళింది. బూర రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగింది. యాక్సిలరేటరు మీది కాలు దానంతట అదే పైకి లేచింది. మనుషులు దూకాలి కదా. రాళ్ళ మలుపులో, నిటారు మొదలయ్యే చోట, ముక్కు లారీ ఎప్పటిలాగే ఆగింది.

అద్దంలో చూశాడు. మనుషులు లేరు. రాళ్ళ కుప్ప ఉండాల్సిన చోట సిమెంటు గోడ, గోడ మీద పసుపూ నలుపూ చారలు. గోడ అవతల నీలం ప్లాస్టిక్ పట్టాల కింద మొక్కజొన్న పొత్తులు కాల్చే వాళ్ళు, బొంగు చికెన్ బోర్డులు, సెల్ఫీలు తీసుకునే గుంపు.

తానేం చేశాడో అప్పటికి తెలిసింది. ఆగక్కర్లేని బండిని ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆపేసింది. పాదం కింద బ్రేకు మెల్లగా దిగుతోంది. హ్యాండ్ బ్రేకు లాగితే ఏదో తెగిన చప్పుడొచ్చి ఉత్త పిడే చేతికొచ్చింది. క్లచ్ వదిలి ముందుకు లాగాలంటే బ్రేకు మీది కాలు తియ్యాలి. తీస్తే లారీ ముందుకంటే ముందు వెనక్కి పోతుంది. వెనక రాజుబాబు కారు, దాని వెనక ఇంకెన్నో. లారీ వెనక్కి ఒక బెత్తెడు జారింది. కారులోంచి ఎవరో అరిచారు. సూరన్న రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, పాదం మీదికి ఒళ్ళంతా తెచ్చి నిలబడ్డాడు. ముక్కు వరకు కోస్తారు అనుకున్నాడు. ఇక్కడే. ఈ మలుపులోనే.

అప్పుడు అద్దంలో ఒక తల కనిపించింది. తర్వాత ఒక భుజం. భుజం మీద గోనెగుడ్డ చుట్టిన రాయి. మంచులోంచి కాదు, కట్టెల పొగలోంచి వస్తున్నాడు. వెనక చక్రం కింద రాయి పడిన అదురు సీటు దాకా వచ్చింది. లారీ ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయింది.

సింగన్న కిటికీ కిందికి వచ్చి తల ఎత్తి చూశాడు. జుట్టంతా తెల్లబడింది. పళ్ళు కొన్ని లేవు.

"ఇంత ఆలీసమేటి బావూ? సంత ఎప్పుడో అయిపోనాది."

సూరన్న అద్దంలో చక్రం కింది రాయిని చూశాడు. "రాయి వేడిగా ఉన్నాదేటిరా, ఆవిరొస్తంది" అన్నాడు.

"పొయ్యి రాయి కాదేటి మరి. జొన్నపొత్తుల పొయ్యి. బూర ఇనపడేసరికి ఇదే సేతికొచ్చినాది."

సింగన్న వెనక్కి తిరిగి పట్టాల వైపు ఒక కేక వేశాడు. అక్కడున్న వాళ్ళలో కొందరికి ఆ కేక అర్థమైంది, కొందరికి కాలేదు. అర్థమైన వాళ్ళందరూ వయసు మళ్ళినవాళ్ళే. ఒక ముసలామె పొయ్యి మీద గిన్నె దింపి మిగతా రెండు పొయ్యిరాళ్ళూ తీసింది. ఇంకొకరు పట్టా ఎగిరిపోకుండా అంచుల మీద పెట్టిన రాళ్ళు ఎత్తారు. పట్టా గాలికి లేచి, గోడ మీదుగా ఎగిరి, లోయలోకి ఒక నీలం పక్షిలా పోయింది. దాని వెనక ఎవరూ పరిగెత్తలేదు. సెల్ఫీ గుంపు ఫోనులు ఇటు తిప్పింది.

రాజుబాబు కారు దిగి వచ్చాడు. ట్రాఫిక్ అంతా ఆగిపోయిందనీ, అందరూ తప్పుకోవాలనీ, కట్టరుకి ఫోను చేస్తున్నాననీ ఏదో చెప్పబోయాడు. సింగన్న అతన్ని పైనుంచి కింది దాకా చూసి, అతని చేతుల్లో ఒక రాయి పెట్టాడు.

"లారీ నీదేటి? అయితే పట్టుకో బాబూ. ఎక్కీవోలు రాయి పట్టాల. బేగి నడు."

రాజుబాబు రాయి పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. తెల్ల చొక్కా మీద మసి అంటుకుంది. వెనక చక్రం పక్కన నడుస్తున్నప్పుడు అతని మొహం చూసిన వాళ్ళు, ఆ కుర్రాడు అంతకుముందు తన చేతుల్తో ఏ బరువూ ఎత్తి ఉండడని అనుకున్నారు.

ఇంజను అరిచింది. లారీ కదిలింది, ఒక లారీ పొడుగు ఎక్కి దమ్ము తప్పింది. రాళ్ళు పడ్డాయి. మళ్ళీ లేచాయి. సూరన్న అద్దంలో చూస్తూనే ఉన్నాడు. తలలు, భుజాలు, రాళ్ళు, పొగ, మంచు. ఎవరు ఇప్పటి వాళ్ళో ఎవరు అప్పటి వాళ్ళో విడదీయలేకపోయాడు, విడదీయాలనీ అనుకోలేదు. ఇంజను ఎక్కడ ఆగుతుందో అక్కడికి సింగన్న ముందే చేరుకుంటున్నాడు. కల్వర్టు దగ్గర నిటారు తగ్గింది. లారీ ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది. ఇప్పుడు ఆగకూడదు. సూరన్న చేయి మాత్రం బయటికి చాపి ఊపాడు. అద్దంలో వాళ్ళు కల్వర్టు పక్కన రాళ్ళు కుప్పపోస్తున్నారు.

లంబసింగిలో టెంట్ల ముందు ముక్కు లారీ తన కాళ్ళ మీద తాను వెళ్ళి నిలబడింది. ముక్కు నుంచి తోక దాకా మొత్తం. సూరన్న ఇంజను ఆపి, తాళం తీసి, దాన్ని కాసేపు గుప్పిట్లో ఉంచుకుని, రాజుబాబుకి ఇచ్చేశాడు. రాజుబాబు మసి చేత్తోనే అందుకున్నాడు. మలుపులో సెల్ఫీల గుంపు తీసిన వీడియో అప్పటికే ఊళ్ళు తిరుగుతోందని చెప్పాడు. చూపించాడు కూడా. మంచులోంచి లారీ ముక్కు పైకి లేస్తూ, గంభీరంగా కొండెక్కుతోంది. ఎంత గొప్ప బండి అని కింద జనం రాశారు. వీడియోలో వెనక చక్రాలు లేవు. రాళ్ళు లేవు. రాళ్ళు మోసిన వాళ్ళు లేరు.

"శని ఆదివారాలు వచ్చి సీట్లో కూర్చోండి తాతగారు. ఖాకీ చొక్కా నేనే కుట్టిస్తాను" అన్నాడు రాజుబాబు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

చూద్దాం బాబూ అని సూరన్న చెప్పులు వేసుకున్నాడు. ఒకసారి బోనెట్టు మీద చేయి వేశాడు. ఇంకా వేడిగానే ఉంది.

కిందికి వెళ్ళే ఖాళీ ఆటో ఒకటి దొరికింది. కల్వర్టు దగ్గర ఆపమన్నాడు. రాళ్ళ కుప్ప అలాగే ఉంది. వాటిని ఆటోలో వేస్తుంటే డ్రైవరు కుర్రాడు, రాళ్ళు మోయడానికా నా బండి అని గొణిగాడు. సూరన్న మసిపట్టిన పొయ్యి రాళ్ళు మూడూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దిగుతున్నంత సేపూ గోనెగుడ్డలోంచి ఆ రాయి వెచ్చదనం తొడలకి తగులుతూనే ఉంది. లేక అలా అనిపించిందో.

సింగన్న గోడ పక్కన ఉత్త పొయ్యి గుంట ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన పచ్చి పొత్తుల బుట్ట. రాళ్ళు తీసినప్పటి నుంచి ఒక్కటీ కాల్చలేదు.

"ఏరే రాళ్ళు తెచ్చుకోలేకపోయినావేటిరా? ఎన్ని లేవిక్కడ?"

"ఎందుకు బావూ? దిగీ బండి తెత్తాది కదా అని ఊరుకున్నాను."

సూరన్న పొయ్యి రాళ్ళు ఒక్కొక్కటే గుంట చుట్టూ పెట్టాడు. సింగన్న వాటిని కొంచెం కొంచెం జరిపి కుదురు చేసి, నిప్పు రాజేసి, పొత్తుల కంటే ముందు టీ గిన్నె ఎక్కించాడు. ఎగిరిపోయిన పట్టా గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. మంచు పైనుంచి దిగి పొగతో కలిసిపోతోంది. మలుపు తిరుగుతున్న కార్లు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి.

జేబులో ఫోను మోగింది. సత్యవేణి.

"ఎక్కడి దాకా ఎల్లినావేటి?"

సూరన్న చుట్టూ చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"రాళ్ళ మలుపులో ఉన్నాను. దిగుతన్నాను. సింగన్న టీ పెడతన్నాడు."



"అయితే తాగేసి దిగు" అంది సత్యవేణి. "పంచదార ఎక్కువెయ్యొద్దని సెప్పు."